బావికి ఒకటో నంబరు

మా కొత్తకండ్రిగ తాను ఊరో పట్నమో తేల్చుకోలేక నిలబడిపోయిన రోజులవి. నేనూ అంతే. చరిత్రలో డిగ్రీ పూర్తిచేసి, చదువుకున్నదాన్నా, ఇంట్లో ఖాళీగా ఉన్నదాన్నా అన్నది తేలక, పొద్దున లేచి ఒక దుప్పటి మడతపెట్టడానికి అరగంట తీసుకునే దశలో ఉన్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే మా ఇద్దరిలో ఎవరి అయోమయం పెద్దదో చెప్పడం కష్టం. వేలూరు నుంచి పాలారు వంతెన దాటి కాట్పాడి వైపు వస్తే, షేర్ ఆటోలవాళ్లు "కండ్రిగ, కండ్రిగ" అని అరిచి దింపేసే చోటే మాది. కొత్త అని పేరే గానీ, అది కొత్తగా ఉన్నప్పటి సంగతి మా వీధిలో ఎనభై ఏళ్లవాళ్లకు కూడా తెలియదు. పాతకండ్రిగ ఎక్కడుందని చిన్నప్పుడు మా అవ్వను అడిగితే, "పాతది బాగుంటే కొత్తదానికి ఎందుకొస్తాం మే?" అని, నా తలలో ఇంకో పేను వెతుక్కుంది.

నడుమ పెద్దవీధి, దాని చుట్టూ మా తాతలాంటివాళ్లు ప్లాట్లు వేసి అమ్మేసిన వేరుశనగ చేలు. ఆ చేలలో ఇప్పుడు రకరకాల నగర్లు. పెద్దాసుపత్రికి వచ్చే ఉత్తరాదివాళ్ల కోసం రోడ్డు మీద లాడ్జీలు లేచాయి. వాటికి హిందీలో బోర్డులు, భోజనం హోటళ్లకు బెంగాలీలో బోర్డులు, మందుల షాపులకు ఇంగ్లీషులో, బస్టాపుకు తమిళంలో. వీధిలో సగానికి పైగా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, తెలుగు బోర్డు మాత్రం ఒక్కటీ లేదు. పెట్టినా చదివేవాళ్లు లేరు. మాది తెలుగు ఇల్లే అయినా మా నాన్నకు గానీ, అమ్మకు గానీ, అవ్వకు గానీ తెలుగక్షరం ఒక్కటి రాదు. అందువల్ల నాకొక గొప్ప సౌకర్యం ఉండేది. నా డైరీని తెలుగులో రాసి, అన్నం తినే బల్ల మీద తెరిచి పెట్టి వెళ్లినా భయం లేదు. (మా అమ్మ దాని మీద ఒకసారి వేడి పాలగిన్నె పెట్టింది. అంతకు మించి ఎవరూ దాని జోలికి రాలేదు.)

వీధి మొత్తంలో ఆ డైరీని చదవగలిగిన మనిషి ఒక్కరే, టీచరమ్మ. ఆమెది గుడియాత్తం. అక్కడ తెలుగు బడిలో పాతికేళ్లు పాఠాలు చెప్పింది. భర్త ఆంబూరు తోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఇద్దరూ కూడబెట్టుకుని, నలభై ఏళ్ల కిందట మా తాత దగ్గర వీధి మొదట్లో, మా ఇంటి పక్కనే, బావికి ఎదురుగా ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నారు. తర్వాత ఆయన పోయాడు, కూతురు పెళ్లయి మళ్లీ గుడియాత్తానికే వెళ్లింది, టీచరమ్మ ఒక్కతే మిగిలింది. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఆమె వరండాలో ఒక పాత బైబిలు, రెండు వాచకాలు ముందుపెట్టుకుని అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత ఆమె బీరువాలోని పుస్తకాలన్నీ ఒక్కొక్కటిగా మోసుకెళ్లి చదివాను. నా బతుకులో నేను సిగ్గుపడకుండా తలుపు తట్టిన ఇల్లు అదొక్కటే. ఇది గుర్తుంచుకుంటే, నేను చేసిన ఘనకార్యం ఎంతటిదో మీకు బాగా తెలుస్తుంది.

నా సిగ్గు గురించి కూడా కొంచెం చెప్పాలి. ఇంటికి ఎవరైనా వస్తే నేను పెరట్లో ఉండేదాన్ని. వాళ్లు ఎంతసేపుంటే అంతసేపు అక్కడే ఉండేదాన్ని. (ఒకసారి నాన్న స్నేహితుడు రాత్రి భోజనానికి కూడా ఆగాడు. ఆ రోజు పెరట్లోని తోటకూర మొత్తం నేనే గిల్లేశాను.) అంగట్లో ఏం కావాలో నోటితో చెప్పలేక చీటీ రాసి ఇచ్చేదాన్ని. అలాంటి నాకు దొరికిన మొదటి ఉద్యోగం ఏమిటంటే, ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టి, లోపలివాళ్లను పిలిచి, ప్రశ్నలు అడిగి రాసుకోవడం.

మా కండ్రిగను కార్పొరేషన్‌లో కలిపేశారు. కలిపాక వీధులకు వరసగా కొత్త నంబర్లు వేయాలని, ఆ పనిని ఒక కాంట్రాక్టరుకు అప్పగించారు. నాన్నకు తెలిసినవాళ్లెవరో నా పేరు చెప్పారు. సూపర్‌వైజరు మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉండేది. మేమాయన్ని టేపు సారు అనేవాళ్లం. ఆయన తమిళాయన, మాటలన్నీ తమిళంలోనే. (ఇక్కడ ఆయన మాటల్ని నేను తెలుగులోనే రాస్తున్నాను, కోపాన్ని మాత్రం కొంత వదిలేస్తున్నాను.) నా చేతికి ఒక పొడుగాటి రిజిస్టరిచ్చి, "నువ్వు ఈ వీధి అమ్మాయివే కదా? సులభం. ఒక చివర మొదలుపెట్టు, ఇంకో చివరికి వెళ్లు. నంబరు, ఇంటి పెద్ద పేరు, అది ఇల్లా, అంగడా, గుడా. అంతే. ఆఖరి పేజీలో వీధి చరిత్ర నాలుగు లైన్లు రాయి. హిస్టరీ చదివావంట కదా?" అన్నాడు. వారం గడువు. ఆ రిజిస్టరు ప్రకారమే ఇంటింటికీ రేకు నంబర్లు వస్తాయని, ఆ నంబర్ల ప్రకారమే మొదటి లిస్టులో కొళాయిలు ఇస్తారని కూడా చెప్పాడు.

మొదటి రోజు ధైర్యం చేసి ఒక గేటు దాకా వెళ్లాను. లోపలి నుంచి ఒకామె వచ్చి "ఎవరు కావాల?" అంది. "ఎవరూ వద్దు" అని ఇంటికొచ్చేశాను. రెండో రోజు ఆ గేటు దాకా కూడా వెళ్లలేదు. ఆ సాయంత్రం ఆఖరి పేజీలోని నాలుగు లైన్ల చరిత్రైనా రాద్దామని, ఇంట్లోవాళ్లకు సిగ్గుపడక్కర్లేదు గనుక, మా పెదనాయన్ని అడిగాను. మనం రాయలవారి సైన్యంతో ఏనుగుల మీద వచ్చినామని ఆయన చెప్పాడు. నాన్నేమో ఏనుగులు కాదు, దూదిమూటల బండ్లు అన్నాడు. అవ్వ రోట్లో చింతపండు నూరుతూ, "కరువొస్తే అన్నానికి వచ్చినాం. యాడ కూడు దొరికితే ఆడ నిలిచిపోయినాం. ఏనుగంట! దానికి మేత ఎవురు పెడతారు?" అంది. మూడు కథలూ రాసుకుని, మూడూ కొట్టేసి, ఆ పేజీ మళ్లీ తెల్లగా కనబడేలా పైన ఒక కాగితం అంటించాను.

అప్పుడు అవ్వ నా చేతిలోని రిజిస్టరు చూసి, "వీధి వరసే కదా నీకు కావాల్సింది? దానికెందుకు తిరుగులాట? కూర్చో, నేను చెప్తా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మా గంగమ్మ జాతరలో తల మీద మోసే కరగం కుండ దిగిన మరునాడు ఇంటింటికీ తాంబూలం పళ్లెం వెళుతుంది. ఎవరి తర్వాత ఎవరు అన్న వరస మా అవ్వకు నోటికి వచ్చు. ఆ వరస తప్పితే ఒక తరం మాటలుండవు. (మా పెదనాయనకూ, ఎదురింటివాళ్లకూ అలా పదకొండేళ్లు మాటల్లేవు. పళ్లెం ఒక ఇల్లు ముందు దిగింది, అంతే.) ఇంత కచ్చితమైన వరస ఇంట్లోనే ఉండగా, ఊళ్లోవాళ్ల గేట్ల ముందు నిలబడి "ఎవరూ వద్దు" అనడం ఎందుకు? వెనక వసారాలో చాప పరిచి, అవ్వ చెబుతుంటే రాయడం మొదలుపెట్టాను.

"మొదట బావి. గంగమ్మ రాయి ఉండాది కదా, ఆమెకి పెట్టనిది ఎవురికీ పెట్టేది లేదు."

బావికి నంబరు వేయొచ్చా అని ఒక్క క్షణం ఆలోచించాను. రిజిస్టరులో 'గుడి' అన్న గడి ఉంది. గంగమ్మ రాయికి పసుపు, కుంకుమ ఉన్నాయి. గుడే. ఒకటో నంబరు, పేరు గంగమ్మ, గుడి.

"తర్వాత మన ఇల్లు. తర్వాత గానుగోళ్లు. ఈ పక్క పైకి పోయి, ఆ పక్క కిందికి రావాల. అన్నాదమ్ములిద్దురికీ రెండు పళ్లాలు, పొయ్యిలు రెండు కదా. ఆ పక్క మునెమ్మ."

అవ్వ ఆపకుండా చెప్పింది, నేను ఆపకుండా రాశాను. గంటలో వీధంతా అయిపోయింది. మొత్తం నలభై ఒకటి. తలుపు ఒక్కటీ తట్టలేదు, చెప్పు కాలికి తొడగలేదు. నా అక్షరాలు గుండ్రంగా కుదిరాయి. టేపు సారు రిజిస్టరు తిరగేసి, "కొట్టివేతలు లేవు. ఇదీ పని అంటే!" అని పక్క వీధుల్లో ఇదే పని చేస్తున్న అమ్మాయిలకు చూపించాడు. ఆ మూడు రోజులు నేను కొంచెం తలెత్తుకుని నడిచానని ఒప్పుకోవాలి.

రేకు నంబర్లు గోనెసంచిలో వచ్చాయి. సారు, నేను, సుత్తితో ఒక కొట్టేమనిషి. సారు సంచిలోంచి మొదటి రేకు తీసి, "ఒకటి. ఎక్కడ?" అన్నాడు. నేను బావి వైపు వేలు చూపించాను. సారు బావిని చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ బావిని చూశాడు. కొట్టేమనిషి సుత్తి కింద పెట్టి, గట్టు మీద కూర్చుని, బీడీ వెలిగించుకున్నాడు.

"తలుపు ఎక్కడమ్మా?"

"లేదు సార్."

"కప్పు?"

"లేదు సార్."

"తలుపు లేనిదానికి డోర్ నంబరా? నేనేం నూతిలోకి దిగి కొట్టాలా?"

ఒకటో రేకును జేబులో వేసుకుని సారు ముందుకు నడిచాడు. రెండు మా ఇంటికి సరిగ్గా కుదిరింది. మూడు, నాలుగు కుదిరాయి. అన్నదమ్ముల ఇంటికి ఒకే గుమ్మం, మా దగ్గర రెండు రేకులు. అన్న ఒకటి కుడివైపు, తమ్ముడు ఒకటి ఎడమవైపు కొట్టించుకుని, ఇన్నాళ్లకు గవర్మెంటుకు న్యాయం తెలిసిందని ఇద్దరూ విడివిడిగా నాకు కాఫీ ఇచ్చారు. మునెమ్మ ఇల్లు ఉండాల్సిన చోట ఇల్లే లేదు. అది వానకు కూలిపోయి ఎన్నేళ్లయిందో. మునెమ్మ పోయి ఇంకా ఎన్నేళ్లయిందో. జాతరకు ఆమె మనవడొచ్చి ఖాళీ జాగాలో నిలబడి పళ్లెం తీసుకుంటాడు, అవ్వ లెక్కలో అది ఇల్లే. ఆ మనవడు కబురు తెలిసి అణైకట్ నుంచి మోటారు సైకిలు మీద వచ్చి, ఒక కర్ర పాతి, దానికి రేకు కొట్టించి, ఫోటో తీసుకుని వెళ్లాడు. దర్జీ భాయి ఇల్లు లిస్టులో లేదు. "పక్క నంబరుకు ఇంగ్లీషు 'ఏ' ఒకటి తగిలిస్తాం భాయ్" అని సారంటే, "అందరికీ అంకెలే ఇచ్చినారు, నాకు అక్షరం కూడానా! సంతోషం సార్" అన్నాడు. ఆయనకు సొంత మంచినీళ్ల బోరుంది, కొళాయి బెంగ లేదు.

అలా అందరూ సంతోషంగానే ఉన్నారు. నా తికమక కూడా తగ్గుతూ వచ్చింది. సంచి ఖాళీ చేసుకుని మళ్లీ బావి దగ్గరకొచ్చి నిలబడ్డాం. అప్పుడు ఎదురింటి వరండాలోంచి టీచరమ్మ కుంటుకుంటూ దిగి, "పాపా, ఎండలో ఎంతసేపు తిరుగుతావు? రా, మజ్జిగ తాగు. సార్ని కూడా పిలువు. అట్లే నా నంబరు కొట్టేసి పొండి, పైన కొడితే వానకు తడవదు" అంది.

నా చేతిలోని రిజిస్టరు ఆ క్షణంలో ఎంత బరువెక్కిందో చెప్పలేను. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా వేలితో వెతికాను. మళ్లీ కింది నుంచి పైకి వెతికాను. టీచరమ్మ లేదు. ఆమె చర్చికి వెళ్లే మనిషి, గంగమ్మ తాంబూలం ఏనాడూ ఆమె ఇంటికి వెళ్లలేదు, వెళ్లదు. అందుకే అవ్వ నోటికి ఆ ఇల్లు రాలేదు. అవ్వ నోటికి రాలేదని, నాకు ఓనమాలు దిద్దించిన ఇల్లు నా కంటికీ రాలేదు. నేను ఆ మజ్జిగ తాగాను. (ఏం చేయాలో తెలియనప్పుడు చేతికిచ్చినది తాగడం నా అలవాటు.) రెండో గ్లాసు కూడా తాగాను. సారే చెప్పాడు, "నీ ఇల్లు లిస్టులో లేదమ్మా" అని.

టీచరమ్మ నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను 'ఋ' తప్పు రాసినప్పుడు చూసినట్టు చూసింది.

"పోనీలే పాపా. నా పేరు దేవుని దగ్గర రాసుండాది" అంది. నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంటూ, "కానీ దేవుని దగ్గర కొళాయి లేదే" అంది.

ఆమెకు మోకాలి నొప్పి. ఉప్పునీళ్ల బోరు తప్ప ఇంట్లో మంచినీళ్లు లేవు. వీధి చివరి పంపు నుంచి రోజూ చిన్న బిందెతో నాలుగు విడతలు మోసుకొచ్చేది. గుడియాత్తంలో కూతురు పట్టుబట్టి ఉంది. ఈసారి కొళాయి వస్తే సరే, రాకపోతే ఇంటికి తాళం వేసి అమ్మను తీసుకుపోతానని. పోయిన ఆదివారమే వచ్చి, ఏ బీరువా ఎవరికివ్వాలో కూడా చూసి వెళ్లింది. ఈ సంగతులన్నీ నాకు తెలుసు. టీచరమ్మకు ఇల్లు వదిలి వెళ్లడం ఎంత ఇష్టం లేదో కూడా తెలుసు. ఆమె వెళ్లిపోతే దానికి కారణం నా గుండ్రటి అక్షరాలే అవుతాయి.

"ఆమెకూ ఒక 'ఏ' తగిలిద్దాం సార్" అన్నాను. అదే నేను ఒక పెద్దమనిషికి సొంతంగా ఇచ్చిన మొదటి సలహా.

"తగిలించొచ్చు. 'ఏ' తగిలించిన నంబర్లకు కొళాయి రెండో లిస్టులో."

"రెండో లిస్టు ఎప్పుడు సార్?"

"మొదటిది అయ్యాక."

"మొదటిది ఎప్పుడవుతుంది సార్?"

సారు టేపును బారెడు లాగి, టప్పున వదిలాడు. అది ఆయన నిట్టూర్పు. తర్వాత జేబులోంచి ఒకటో రేకు తీసి చూస్తూ, "నంబర్ల లెక్క మారదు. పేరు తప్పు పడితే మాత్రం ఈ వారంలో దిద్దొచ్చు. పక్కింటివాళ్ల సంతకం కావాలి. ఒకటికి పక్క ఇల్లు ఎవరిది?" అన్నాడు.

ఒకటికి పక్కది రెండు. రెండు మాది. ఇంటి పెద్ద అవ్వ.

గంగమ్మ పేరు కొట్టేసి టీచరమ్మ పేరు రాయడానికి మా అవ్వ సంతకం పెట్టాలి! అవ్వ ఉప్పు కూడా గంగమ్మను తలచుకునే కూరలో వేస్తుంది. వీధి ఆ చివరికీ ఈ చివరికీ రెండుసార్లు నడిచాక, ఇంట్లోకి వెళ్లి, ఒకే ఊపిరిలో అంతా చెప్పేశాను. అవ్వ విన్నది. ముందు తన తప్పేమీ లేదంది. "నువ్వు వరస అడిగినావు, నేను వరస చెప్పినా. ఇండ్లు అడిగినావా? ఇండ్లంటే కండ్లుండేవాళ్లు ఎవురైనా చూసి రాసుకుంటారు. నువ్వు బయటికి పోయి ఒక్క చూపు చూసింటే టీచరు ఇల్లు కనపడకుండా పోతాదా?"

అవ్వ చీర సర్దుకుని బావి దగ్గరికి నడిచింది. నేను వెనక. సారు, కొట్టేమనిషి అప్పటికే అక్కడున్నారు. టీచరమ్మ వరండా మెట్టు మీద మోకాలు చాపుకుని కూర్చుని ఉంది. అవ్వ బావిలోకి తొంగి చూసింది. అది ఎండాకాలం, అడుగున బురద తప్ప ఏమీ లేదు. రాయి మీద ఎండిన చామంతి తీసేసి, అవ్వ రాయితోనే మాట్లాడుతోందో మాతో మాట్లాడుతోందో తెలియకుండా మాట్లాడింది.

"ఒకటో నంబరు తీసేస్తే ఈమెకేం తక్కువ? ఈమె నంబరు చూసుకోనా పళ్లెం పెడతాండాము? అయినా కొళాయి ఈమెకి ఎందుకు? గంగమ్మకి నీళ్లిచ్చే మొగోడు కార్పొరేషన్లో ఎవుడన్నా ఉండాడా?"

సారు తల అడ్డంగా ఊపాడు. ఆయనకు తెలుగు అంతగా రాదు. అయినా ఎవరూ లేరనే ఊపాడనుకుంటాను.

"అక్కా, వద్దులే" అంది టీచరమ్మ. "నా కోసం నీ సామి నంబరు తీసేదేంది? రేపు ఎవురికైనా జరమొస్తే నన్నే అంటారు. నేను గుడియాత్తం పోతా. బిడ్డ పిలస్తాండాది కదా."

"గుడియాత్తంలో నీకేముండాది? పొద్దున లేస్తే నాకు గోడ మింద నుంచి అరిచేదానికి ఎవురుండారు? పోదువులే, కూర్చో."

"కూర్చునే ఉండా కదా."

"కూర్చునే ఉండు. మే, యాడ పెట్టాల సంతకం?"

నేను చూపించాను. అవ్వ తమిళంలో తన పేరు రాసింది. పేరులో ఆఖరి అక్షరం గడి దాటి, గంగమ్మ పేరు మీదుగా వెళ్లి, దాన్ని సారు కొట్టేయక ముందే సగం కొట్టేసింది. సారు మిగతా సగం కొట్టేసి, దాని పైన టీచరమ్మ పేరు రాసి, 'గుడి'ని 'ఇల్లు' అని దిద్దాడు. రిజిస్టరు మొదటి పేజీలో, నా గుండ్రటి అక్షరాల నడుమ, ఎర్ర సిరాతో పెద్ద గీత. పక్క వీధుల అమ్మాయిలకు చూపించిన పేజీయే అది. కొట్టేమనిషి నాలుగు దెబ్బలకు రేకును టీచరమ్మ గుమ్మం మీద దించాడు. అప్పుడు గమనించాను నేను. వీధి మొదట్లో నిలబడి మామూలు కళ్లతో చూస్తే, ఎవరు లెక్కపెట్టినా మొదటి ఇల్లు అదే.

ఎండలు తగ్గి ఆషాఢం, అంటే మా ఆడి నెల, వచ్చాక కొళాయి వచ్చింది. కూతురు కూడా వచ్చింది, సామాను కట్టడానికో కొళాయి చూడటానికో ఆమె చెప్పలేదు, మేము అడగలేదు. మొదటి నీళ్లు గంగమ్మకే పోయాలని అవ్వ షరతు. టీచరమ్మ ఇబ్బందిగా కదిలింది.

"మా పాస్టరయ్య వింటే ఏమనుకుంటాడక్కా?"

"నిన్ను పొయ్యమన్నానా? పోసేది నేను. తిప్పేది నువ్వు. కొళాయి తిప్పితే పాపమని మీ బుక్కులో ఉండాదా?"

"లేదు" అని నా వైపు చూసింది టీచరమ్మ, నేనూ ఆ పుస్తకం చదివినదాన్నే కాబట్టి. లేదని నేనూ తలూపాను. ఆమె తిప్పింది. కొళాయి ముందు దగ్గింది, తర్వాత బుసకొట్టింది, ఎర్రటి తుప్పునీళ్లు కక్కింది, ఆ తర్వాత తెల్లగా ధార కట్టింది. అవ్వ చెంబు పట్టి, వీధి దాటి, రాయి మీద పోసి వచ్చింది. రెండో చెంబు టీచరమ్మ చేతికిచ్చింది. టీచరమ్మ ఒక గుక్క తాగి, "ఉప్పు లేదు" అంది. కూతురు లోపలికి వెళ్లి, కట్టిన మూటల్లో ఒకటి విప్పి, అందులోంచి బిందె తీసుకొచ్చి కొళాయి కింద పెట్టింది.

నేనిప్పుడు కాట్పాడిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. మాట్లాడొద్దని నలుగురికీ నేనే చెప్పాల్సిన ఉద్యోగం. నాకు బాగా సరిపోయింది. అవ్వా, టీచరమ్మా గోడకు ఈ వైపు ఒకరు, ఆ వైపు ఒకరు, ఇంకా అరుచుకుంటూనే ఉన్నారు. ఇద్దరికీ చెవుడొచ్చింది కాబట్టి ఇప్పుడు వీధికంతా వినబడుతుంది. పోయిన నెల ఒక విద్యార్థిని నా బల్ల ముందుకు వచ్చింది. నగరంలో కలిసిపోయిన పాత ఊళ్ల మీద ప్రాజెక్టు రాస్తోందట. చేతిలో ఒక జిరాక్సు కాగితం. గుండ్రటి అక్షరాలు, మధ్యలో నల్లబడిన పెద్ద గీత. నేను గుర్తుపట్టాను.

"అక్కా, మీదీ కొత్తకండ్రిగే కదా? చూడండి, ఒకటో నంబరు టీచరమ్మ అని ఒకరి ఇల్లు. అంటే ఊరు ఆ ఇంటి దగ్గరే మొదలైనట్టు. ఎదురుగా బావి, గంగమ్మ రాయి తర్వాత వచ్చినట్టుండాయి, వాటికి నంబరే లేదు. చరిత్ర పేజీలో ఏం రాయలేదు, ఒక కాగితం అతికించి పెట్టినారు. దాని కింద ఏమైనా ఉండాదేమో."

నేను నోరు తెరిచాను. ఏనుగుల నుంచి మొదలుపెట్టాలా, కరువు నుంచా, దూదిమూటల నుంచా, నాకు అర్థం కాలేదు. అవ్వ వరస చెప్పాలా, కళ్లకు కనబడే వరస చెప్పాలా, అది కూడా తేలలేదు. ఆ పిల్ల పెన్ను పట్టుకుని ఎదురుచూస్తోంది. నా కంటే చాలా ధైర్యం ఉన్నట్టుంది. నేను ఇరవయ్యొకటో ఏట అలా ఒకరి ముందు నిలబడి, కళ్లలోకి చూసి, ప్రశ్న అడిగి ఉంటే, మా ఊరి చరిత్ర ఇంకోలా ఉండేది.

"ఈ రిజిస్టరు నమ్మొచ్చా అక్కా? ఎవరు రాసినారో ఏమో."

"ఎవరో అమ్మాయి రాసిందంట" అన్నాను.

"ఇంటింటికీ తిరిగి రాసిందా?"

"ఊఁ. ఎండలో, ఇంటింటికీ తిరిగి."

"పాపం" అంది ఆ పిల్ల, ఆ కాగితం వైపు జాలిగా చూస్తూ. నాకూ అలాగే అనిపించింది.